యూదుల బోధల్లో జీవిత పరమార్థం గురించి ఏముంది? మతం మారకుండా నేర్చుకోవచ్చా?

నిద్రపట్టని_నైట్‌షిఫ్ట్ (హైదరాబాద్)

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపికున్నవాళ్లే చదవండి.

నాకు 37. ఐటీలో పద్నాలుగేళ్లు. ఫ్లాటుంది, దాని ఈఎంఐ ఉంది, ఒక బాబు. చెప్పుకోదగ్గ కష్టాలేం లేవు. పోయిన సంక్రాంతికి ముందు నాన్న పోయారు. అప్పట్నుంచి పొద్దున్నే లాప్‌టాప్ తెరవగానే ఇదంతా ఎందుకు రా అనిపిస్తోంది. డాక్టర్‌ని కూడా కలిశా, డిప్రెషన్ లాంటిదేం లేదు, నిద్ర సరిచేసుకో అన్నారు. ప్రవచనాలు విన్నా, పదిరోజుల మౌనం క్యాంపుకి కూడా వెళ్లొచ్చా, అక్కడున్నన్నాళ్లూ బాగానే ఉంది, ఇంటికొచ్చిన మూడోరోజుకి మళ్లీ అదే నేను, అదే స్టాండప్ కాల్.

ఈ మధ్య విక్టర్ ఫ్రాంకిల్ రాసింది చదివా. వియన్నా డాక్టరు, యూదుడు, నాజీల క్యాంపుల్లోంచి ప్రాణాలతో బయటపడి 1946లో పుస్తకం వేశాడు. జీవితం నాకేమిస్తుంది అని అడగడం కాదు, జీవితమే నిన్ను అడుగుతుంటుంది, జవాబు చెప్పాల్సింది నువ్వు అనే అర్థంలో ఒకచోట రాస్తాడు. అక్కడ ఆగిపోయా. ఇది ఆయన సొంత ఆలోచనా లేక వాళ్ల మతంలోనే ఉందా? ఉంటే నాలాంటివాడు ఎక్కడ మొదలెట్టాలి?

మతం మార్పించే బ్యాచ్ దయచేసి ఇన్‌బాక్స్‌కి రావద్దు, దండం పెడతా.

జగిత్యాల_పోరడు (ఇజ్రాయెల్)

అన్నా నేను పెద్దగ చదువుకున్నోన్ని గాదు గని తొమ్మిదేండ్ల సంది ఈడ కేర్‌గివర్ పని జేస్తున్న. ముందుగాల దుబాయ్, ఆడికెళ్లి ఈడికి. ఇప్పుడు బ్నే బ్రాక్‌ల ఒక ముసలాయన్ని చూసుకుంటున్న, తొంబై దాటినయి, మస్తు నిష్ఠ గల్ల మనిషి. పరమార్థం గిరమార్థం నాకు దెల్వది, ఆ ఇంట్ల చూసింది చెప్త.

శుక్రవారం పగటీలి నుంచే ఇంట్ల ఉరుకులాట, పొద్దుగూకితే షబ్బాత్, అంటె శనివారం పొద్దుగూకేదాంక పని ముట్టని రోజు. ఫ్రిజ్ డోర్ తీస్తె లైటు ఎలగకుండ ముందే బందు జేస్తం. టాయిలెట్ పేపర్ గూడ ముందే చింపి పెట్టాలె, చింపుడు గూడ పని కిందికే ఒస్తదట. మొత్తం 39 రకాల పనులు జెయ్యద్దు అని లెక్కున్నది. ప్లాతా అని కరెంటు పెనం లెక్కుంటది, దాని మీద గిన్నెలు పెట్టి ఉంచుతం. మాంసం, గింజలు, ఆలుగడ్డ, గుడ్లు అన్నీ ఒక్కదాంట్లనే ఏసి ఆ సాయంత్రం పెడ్తె రాత్రంత సన్నగ ఉడుకుతది, శనివారం పగటీలి తింటరు, వాసనకే కడుపు నిండుతది. శుక్రవారం పొద్దుగూకే యాళ్లకు ఊరంత సైరన్ కొడ్తరు. యుద్ధం సైరన్ గాదు, షబ్బాత్ ఒచ్చిందని చెప్పే సైరన్. కొత్తల నాకు రెండిటికి తేడ దెల్వక మెట్ల కిందికి ఉరికి దాక్కున్న, ఇప్పటిదాంక యాది జేసుకోని నవ్వుతరు.

ఇగ అప్పటి నుంచి ఫోన్ లేదు, టీవీ లేదు, కారు లేదు, పైసలు ముట్టరు. లైటెయ్యమని నన్ను గూడ నోరు తెరిచి అడగడు. "ఈ గదిల చీకటి ఎక్కువున్నట్టున్నది" అంటడు, నేను అర్థం జేసుకోవాలె. మొదట్ల ఇదేం పిచ్చిరా నాయనా అనుకున్న. గని అన్నా, ఆయన కొడుకు పెద్ద కంపెనీల పని జేస్తడు, వారమంత ఫోన్ చెవికే అతుక్కోని ఉంటది, శనివారం మాత్రం నడ్సుకుంట ఒచ్చి నాయిన పక్కన కూసుంటడు. ఇద్దరు పుస్తకం ముంగట ఏసుకోని కొట్లాడుకున్నట్టు మాట్లాడుకుంటరు. మూడు గంటలు. మా ఇంట్ల మా నాయినతోని నేను మూడు గంటలు కూసున్నది నాకు యాదికి లేదు.

ఇంకోటి. ఒక శనివారం ముసలాయనకు ఊపిరి ఆడలేదు. స్విచ్చు గూడ ముట్టని ఆ కొడుకు టక్కున నా ఫోన్ గుంజుకోని ఈడి అంబులెన్స్ నంబరు 101కి కొట్టిండు, అంబులెన్స్ ఎక్కి ఆస్పత్రికి పోయిండు, జర్రంత గూడ ఆలోచన జెయ్యలే. తర్వాత అడిగిన, గట్లెట్ల జేసినవ్ అని. ప్రాణం మీదికి ఒచ్చినప్పుడు షబ్బాత్ తీసి పక్కకు పెట్టాలె, అది మాఫీ గాదు, అట్ల జేసుడే రూలు అన్నడు.

యోమ్ కిప్పూర్ అని తప్పులకు మాఫీ అడిగి ఉపాసముండే రోజుంటది, పోయినసారి దాని ముందు రోజు ముసలాయన నన్ను పిలిచి పక్కన కూసోబెట్టుకుండు. ఈ ఏడు నీ మీద కోపం జేసిన, ఏమన్న మనసు నొచ్చుకున్నవా, మాఫ్ జెయ్యి అన్నడు. నేను జీతానికి ఉన్నోన్ని! నాకు ఏడుపొచ్చింది. మనుషుల దగ్గర చేసిన తప్పులు ఆ మనిషి మాఫ్ జేస్తెనే పోతయట, దేవుని ముంగట ఎంత ఉపాసమున్నా లాభం లేదట.

న్యూజెర్సీ_గోంగూర (ఎడిసన్)

జగిత్యాల తమ్ముడూ, నువ్వు చెప్పినదాని తర్వాత నేను రాసేది చప్పగా ఉంటుంది, అయినా రాస్తా.

మాకు పక్కనే హైలాండ్ పార్క్‌లో యూదులు బాగా ఎక్కువ. రిటైరైన టీచర్ ఒకావిడ పరిచయమై, నాలుగేళ్లుగా గురువారం రాత్రి పిల్లలు పడుకున్నాక ఇద్దరం కూర్చుని చదువుతాం. హవ్రూతా అంటారు దాన్ని, ఇద్దరు గట్టిగా చదువుతూ వాదించుకోవాలి, ఒప్పుకుంటే తప్పు చేసినట్టు చూస్తుంది మహాతల్లి. తమ్ముడు చూసిన తండ్రీకొడుకుల కొట్లాట అదే.

ఫ్రాంకిల్ గారి మాట వాళ్ల మతంలోనే ఉందా అంటే, ఆయన రాసింది సైకాలజీ, మతగ్రంథం కాదు. కానీ ఆ వాసన మాత్రం ఉంది. 1740లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయిన లుజ్జాత్తో అనే యూదు పండితుడి పుస్తకం మొదటి అధ్యాయమే, ఈ లోకంలో నా మీదున్న బాధ్యతేంటో తేల్చుకోవడమే అన్నిటికీ పునాది అని మొదలవుతుంది. ముందుమాటలో ఇంకా నచ్చింది నాకు, మీకు తెలియంది చెప్పడానికి రాయలేదు, తెలిసిందే గుర్తుచేయడానికి రాశా అంటాడు. మన పెద్దవాళ్లు అదే మాట వందసార్లు ఎందుకు చెప్తారో అప్పుడు అర్థమైంది, అర్థమైనా విసుగు మాత్రం పోలేదు లెండి.

మిష్నా అనే వాళ్ల పాత ధర్మశాస్త్ర గ్రంథంలో నాణేల పోలిక ఒకటుంది. రాజు ఒకే అచ్చుతో వంద నాణేలు కొడితే వందా ఒకేలా ఉంటాయి, దేవుడు మనుషులందర్నీ మొదటి మనిషి అచ్చుతోనే కొట్టినా ఏ ఇద్దరూ ఒకేలా ఉండరు, అందుకని ప్రతి మనిషీ ఈ లోకం నా కోసమే పుట్టింది అనుకోవాలి అంటుంది. చదవగానే ఇదేం పొగరు అనిపించింది నాకు. మా టీచరమ్మ నవ్వి, 1827లో పోయిన సింహా బూనిమ్ అనే పోలండ్ గురువు గురించి చెప్పింది. ఆయన శిష్యులకి రెండు జేబుల్లో రెండు చీటీలు పెట్టుకోమన్నాడట. ఒక దాని మీద ఈ మాట, రెండో దాని మీద "నేను మన్ను, బూడిద" అని వాళ్ల మూలపురుషుడు అబ్రహాం అన్న మాట. ఏ పూట ఏది తియ్యాలో తెలుసుకోవడమే అసలు చదువట. ఆఫీసులో అప్రైజల్ రోజు నేను తప్పు జేబులో చెయ్యి పెడుతూ ఉంటా.

ఇక చేతికందే పద్ధతి కావాలంటే ముసార్ చూడండి, అంటే గుణాల్ని దిద్దుకునే సాధన. 19వ శతాబ్దంలో లిథువేనియాలో ఇస్రాయేల్ సలాంతర్ అనే రబ్బీ (యూదుల మతగురువు) దాన్ని ఉద్యమంలా నడిపించాడు. అంతకుముందే 1808లో మెనాహెం మెండెల్ లెఫిన్ అనే ఆయన ఒక లెక్కల పద్ధతి ఇచ్చాడు: పదమూడు గుణాలు, వారానికొకటి, రాత్రి పడుకునేముందు నోట్‌బుక్‌లో ఆ రోజు ఎక్కడ జారామో గుర్తు పెట్టుకోవడం. పదమూడు వారాలు, ఏడాదికి నాలుగు రౌండ్లు. తమాషా ఏంటంటే ఈ పద్ధతి ఆయనకి బెంజమిన్ ఫ్రాంక్లిన్ దగ్గర దొరికింది, వంద డాలర్ల నోటు మీదుంటాడే ఆయనే.

నేను ఓర్పు వారం చేశా. మా అత్తగారు ఆదివారం వీడియోకాల్‌లో "కూర ఏం చేశావు" అని అడుగుతారు, ఏం చెప్పినా "అందులో కారం తగ్గించాల్సింది" అంటారు, తెర మీద కూర ఎలా రుచి చూశారో ఆవిడకే తెలియాలి. ఆ వారం నోట్‌బుక్‌లో ఏడు గుర్తుల్లో ఐదు ఆవిడ ఖాతావే అనుకున్నా. మా టీచరమ్మ చూసి, ఇది ఆవిడ తప్పుల పట్టికా నీ తప్పుల పట్టికా అంది. మళ్లీ మొదటి నుంచి రాయించింది.

చివరగా ఒకటి, తప్పుగా అనుకోకండి. మీ పోస్టులో నాన్నగారి గురించి ఒక్క వాక్యమే ఉంది, కానీ మిగతాదంతా దాని తర్వాతే వచ్చింది. యూదుల్లో తల్లో తండ్రో పోతే ఏడు రోజులు ఇంట్లోనే, నేలకి దగ్గరగా ఎత్తు తక్కువ పీటల మీద కూర్చుంటారు. మొదటి భోజనం ఇరుగుపొరుగు వాళ్లే తెస్తారు. పరామర్శకి వచ్చినవాళ్లు ముందు నోరు విప్పకూడదు, కూర్చున్నవాడు మాట్లాడితేనే మాట్లాడాలి. అంత్యక్రియల నుంచి పదకొండు నెలలు కద్దీష్ అనే ప్రార్థన చెప్పాలి. అందులో చావు అనే మాటే ఉండదు, అంతా దేవుణ్ణి పొగడటమే. పైగా పదిమంది లేకుండా చెప్పకూడదు. అంటే ఎంత ఏడుపొస్తున్నా ఇంట్లోంచి లేచి పదిమందిలోకి వెళ్లి నిలబడాలి. మన మాసికాలకి చుట్టాలు రావడంలో కూడా ఇలాంటిదేదో ఉండేదేమో, ఇప్పుడు ఆన్‌లైన్ పేమెంట్ చేసి పురోహితుడి వీడియో చూస్తున్నాం. మీరు కూర్చున్నారా అసలు, ఆ ఏడు రోజులో పది రోజులో?

చార్మినార్_చాయ్

ఏడు సముద్రాలు దాటి వెతకడం ఎందుకు భయ్యా, కర్మణ్యేవాధికారస్తే అని మన గీతలో ఎప్పుడో చెప్పేశాడు కదా. ఫారిన్ బ్రాండ్ వేసి చెప్తేనే మనోళ్లకి ఎక్కుతుంది.

న్యూజెర్సీ_గోంగూర

మీరన్నదీ నిజమే, దగ్గరగా ఉండే మాటే వాళ్ల దగ్గరా ఉంది, పని పూర్తి చేయడం నీ వంతు కాదు, అలాగని వదిలేసే హక్కూ నీకు లేదు అంటాడు రబ్బీ తర్ఫోన్. కానీ తేడా కూడా ఉంది, అది నాకు ఇంట్రెస్టింగ్. అక్కడ ఆత్మ విడుదల గురించి మాట్లాడేది తక్కువ, పక్కింటివాడి అద్దె గురించి ఎక్కువ. 1204లో ఈజిప్టులో పోయిన మైమోనిదీస్ అనే యూదు పండితుడు, ఆయన కూడా డాక్టరే, దానానికి ఎనిమిది మెట్లు రాశాడు. గొణుక్కుంటూ ఇచ్చేది అట్టడుగు మెట్టు. ఇచ్చినవాడెవరో పుచ్చుకున్నవాడికీ పుచ్చుకున్నవాడెవరో ఇచ్చినవాడికీ తెలియకపోవడం పైనుంచి రెండోది. అన్నిటికన్నా పైమెట్టు ఏంటో తెలుసా, అప్పివ్వడమో, పని ఇప్పించడమో, భాగస్వామిగా చేర్చుకోవడమో. రేపట్నుంచి వాడు ఎవరి ముందూ చెయ్యి చాచకూడదు. వడ్డీ లేకుండా అప్పిచ్చే చిన్న చిన్న నిధుల్ని గెమాఖ్ అంటారు, ఇక్కడ పెళ్లి బట్టలకీ, పిల్లల ఉయ్యాలకీ కూడా గెమాఖ్‌లున్నాయి.

చేబ్రోలు_రోడ్డు (గుంటూరు జిల్లా)

ఏడు సముద్రాలు అక్కర్లేదండి, మా ఊరి పక్కనే ఉన్నారు. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిమ్ అనే తెలుగు యూదులున్నారు, కొద్ది కుటుంబాలే. ఇజ్రాయేలు గోత్రాల్లో ఎఫ్రాయిమ్ గోత్రం మాది అని వాళ్ల నమ్మకం. మాదిగ కుటుంబాలు, అంతకుముందు క్రైస్తవంలో ఉన్నారు, 1990ల మొదట్లో సినగాగ్ (ప్రార్థనా మందిరం) పెట్టుకున్నారు. ఊళ్లో మామూలు ఇల్లులాగే ఉంటది గాని గోడ మీద ఆరు కోణాల నక్షత్రం ఉంటది. హీబ్రూ కూడా తెలుగు అక్షరాల్లో రాసుకుని నేర్చుకున్నవాళ్లున్నారు. మణిపూర్, మిజోరంలో ఇలాగే చెప్పుకునే బ్నే మెనాషే వాళ్లని 2005లో ఇజ్రాయెల్ పెద్ద రబ్బీ ఇజ్రాయేలు సంతతేనని ఒప్పుకున్నారు గాని మనవాళ్లని ఇంకా అలా ఒప్పుకోలేదు.

ఎందుకు చెప్తున్నానంటే, ఇక్కడ చాలామందికి ఇది పుస్తకం తెరిచి చదువుకునే పరమార్థం. వాళ్లకి మాత్రం మేమెవరం అనే ప్రశ్నకి జవాబు. మాలపల్లి మాదిగపల్లి అని ఊరు వెయ్యేళ్లు చెప్పిన జవాబు కాకుండా ఇంకో జవాబు. కూలికెళ్లేవాళ్లు శనివారం పని మానుకుంటే ఆ రోజు కూలి పోయినట్టే, ఐటీ వాళ్ల డిజిటల్ డిటాక్స్ కాదది. కోపంతో అనట్లేదండి, గుర్తుంచుకోమంటున్నా.

నిద్రపట్టని_నైట్‌షిఫ్ట్

అందరికీ థాంక్స్, ఇన్ని వస్తాయనుకోలేదు. చేబ్రోలు అన్నా, గట్టిగానే తగిలింది, నిజమే.

గోంగూర అక్కా, కూర్చోలేదు. నాన్న పెద్దకర్మ రోజు క్యాటరింగ్ వాడికి ఎన్ని ప్లేట్లో చెప్పడం, షామియానా వాడికి బ్యాలెన్స్ ఇవ్వడం, వచ్చినవాళ్లు భోంచేశారా లేదా చూడటం, దీంతోనే సరిపోయింది. పదమూడో రోజు వర్క్ ఫ్రం హోమ్ లాగిన్ అయ్యా. ఎవరన్నా వచ్చి మాట్లాడకుండా పక్కన కూర్చుని ఉంటే ఎలా ఉండేదో.

ఇంకో డౌటు. విగ్రహారాధన వాళ్లకి పెద్ద తప్పు కదా, మా ఇంట్లో దేవుడి గది ఉంది, అమ్మ రోజూ దీపం పెడుతుంది. మరి నేను ఇవన్నీ పాటించడం ఏంటి, అటూ కాకుండా ఇటూ కాకుండా?

న్యూజెర్సీ_గోంగూర

ఇది దాచాల్సిన పనిలేదు, అక్కడ ముల్లు ఉంది. యూదులు కానివాళ్లకి వాళ్ల లెక్కలో నోవహు (జలప్రళయం దాటిన ఆయన) ఏడు ఆజ్ఞలు, హత్య, దొంగతనం, వ్యభిచారం వద్దు, న్యాయస్థానాలు ఉండాలి అలాంటివి, విగ్రహారాధన వద్దు అనేది కూడా అందులోనే ఉంది. 2008లో జెరూసలేంలో హిందూ, యూదు పెద్దలు కూర్చుని హిందువులు కొలిచేది ఒకే పరమాత్మనే అని ఉమ్మడి ప్రకటన ఇచ్చారు, అయినా అందరు రబ్బీలూ దాంతో ఏకీభవించరు. మా టీచరమ్మ మా ఇంటికొచ్చి వినాయకుడి ముందు కూర్చునే టీ తాగుతుంది, ప్రసాదం మాత్రం తినదు. నేను అడగను, తను చెప్పదు.

మతం మార్పిస్తారన్న భయం మాత్రం అక్కర్లేదు. వాళ్లు పిలవరు. మారతానని వెళ్లినా ముందు వద్దనే చెప్తారు, ఏ జాతివాడైనా మంచివాడికి పరలోకంలో వాటా ఉంది కదా మరి నీకెందుకీ బరువు అంటారు. ఇంకో సంగతి, షబ్బాత్‌ని పూర్తిగా, అన్ని నియమాలతో పాటించడం యూదులు కానివాళ్లకి తాల్ముద్ అనే వాళ్ల ధర్మగ్రంథం ప్రకారం కుదరదు. కాబట్టి మీరు ఫోన్ ఆపుకోండి చాలు, ఫ్రిజ్ బల్బు జోలికి వెళ్లకండి.

జగిత్యాల_పోరడు

అన్నా మా ముసలాయనకు నీ సంగతి చెప్పిన, హైదరాబాద్‌ల ఒకాయన జీవితం ఎందుకు అని అడుగుతుండు అని. ఆయన నన్నే ఉల్టా అడిగిండు, వాడు పొద్దున తిన్నడా, పిలగాండ్లున్నరా, ఈ వారం ఎవలకన్న ఏమన్న పని జేసి పెట్టిండా అని. దేవుడు ఆజ్ఞలిచ్చిన సీనాయి కొండ కాడ వాళ్ల పెద్దలు ముందుగాల "చేస్తం" అన్నరంట, ఆ తర్వాతనే "వింటం" అన్నరంట. అర్థమైనంక చేద్దామనుకుంటె ఇంకా ఆ కొండ కాడనే ఉండేటోళ్లం అన్నడు. గంతే, మళ్ల నిద్రవోయిండు.

నిద్రపట్టని_నైట్‌షిఫ్ట్

ఐదు వారాల తర్వాత అప్‌డేట్.

శుక్రవారం చీకటి పడేముందు ఫోన్ ఆపి బియ్యం డబ్బాలో పెట్టేస్తున్నా, శనివారం చీకటి పడ్డాక తీస్తున్నా. మొదటి వారం నరకం. జేబులో లేని ఫోన్ వైబ్రేట్ అయినట్టు తొడ మీద చెయ్యి పోయేది. మావాడు నాన్నా నీ ఫోన్ పోయిందా అని రెండుసార్లు అడిగాడు, లేదంటే నమ్మలేదు. మూడో వారం శనివారం ప్రొడక్షన్‌లో ఏదో పగిలిందట, నేను లేకుండానే జూనియర్ అమ్మాయి నలభై నిమిషాల్లో సరిచేసేసింది. సంతోషపడాలి గానీ కొంచెం బాధేసింది, అబద్ధమెందుకు. ఆ పూట రెండో జేబు చీటీ తియ్యాల్సి వచ్చింది అక్కా.

ముసార్ నోట్‌బుక్ రెండు వారాలే నడిచింది, మళ్లీ మొదలెట్టాలి.

నాలుగో శనివారం చేసే పనేం లేక నాన్న ట్రంకు పెట్టె తీశా. పాత ఎల్‌ఐసీ రసీదులు, కరెంటు బిల్లులు, రబ్బరు బ్యాండు వేసిన ఒక పొడుగాటి ఖాతా పుస్తకం. నాన్న స్కూల్లో క్లర్కు, జీతం ఎంతో నాకు తెలుసు. ఆ పుస్తకంలో పేర్లు, ఎదురుగా మూడొందలు, ఎనిమిదొందలు, ఒకచోట రెండువేలు, పక్కన "ఫీజు", "పురిటికి", "కుట్టు మిషను" అని. వడ్డీ అనే కాలమే లేదు. తిరిగిచ్చినవాళ్ల పేర్ల మీద స్కేలు పెట్టి గీసిన ఎర్రగీత. ఇంట్లో ఎవరికీ తెలియదు, అమ్మక్కూడా కుట్టు మిషను ఒక్కటే తెలుసు, ఆ మిషను తీసుకున్నావిడ పెద్దకర్మ రోజు వచ్చి వంటగదిలో గిన్నెలు కడిగి వెళ్లిందట. నేను ప్లేట్లు లెక్కపెట్టుకుంటున్నా కదా, చూడలేదు.

గీత లేని పేర్లు రెండున్నాయి. వాళ్లకి నాన్న పోయిన సంగతి తెలుసో లేదో. ఫోన్ చేసి చెప్పాలని ఉంది, డబ్బు కోసం చేశాననుకుంటారేమోనని ఆగుతున్నా.

ఇంకో ప్రాక్టికల్ డౌటు జగిత్యాల తమ్ముడికి. మూడు చుక్కలు కనపడితే షబ్బాత్ అయిపోయినట్టు అంటారు కదా, మా మియాపూర్‌లో ఆ పొగలో ఒక్క చుక్క కూడా కనపడట్లేదు, టైమ్ చూద్దామంటే ఫోన్ బియ్యంలో ఉంది. చివరికి గోడ గడియారం కొన్నా.

జగిత్యాల_పోరడు

గడియారం మంచిదే అన్నా, ఈడ గూడ టైమ్ అచ్చేసిన కాయిదం గోడకు అంటిస్తరు, చుక్కలు ఎవలు చూస్తుండ్రు. అయిపోయినంక లవంగాలు వాసన చూడు, మా ఇంట్ల గట్లనే చేస్తరు, షబ్బాత్ పోయిందని మనసు చిన్నవోకుండ.

ఆ ఇద్దరికి మాత్రం ఫోన్ కొట్టు. పైసల మాట మొదలే నువ్వే తియ్యి, అద్దని చెప్పు. శనివారం గాకుండ చూస్కో.